గవ్వ వీపు మీది మచ్చ

ఇరవై ఏళ్ళు దాటింది. ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. దాన్ని అలాగే పెట్టుకుని వండేను, వడ్డించేను, ఇద్దరు పిల్లల్ని పెంచేను, పేరంటాలకి వెళ్ళేను, అందరితో పాటు నవ్వేను. చూసినవాళ్ళు నన్ను నెమ్మదస్తురాలంటారు. మనసులో మాట పైకి అనదు పాపం, అంటారు. ఏ మాట అనలేదో వాళ్ళకేం తెలుసు.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళకి చెప్పబోతే ముందు వాళ్ళ మొహం చూస్తాను. అందులో చిన్న ముడత కనిపిస్తే చాలు, మాట మార్చేస్తాను. ఇన్నేళ్ళూ అలాగే మార్చేను. మీ మొహం నాకు కనిపించదు. అందుకని మీకు చెప్తున్నాను. అయినా ఏ వాక్యం దగ్గర ఆగి నొసలు చిట్లిస్తారో అని లోపల ఒక అనుమానం. అనుమానం నాకు కొత్త కాదు. జరిగిందంతా దానితోనే మొదలయింది.

ఇది ఒక పిల్లి గురించి. నవ్వకండి. ఒక్క పిల్లి గురించే అయితే ఇంత బరువుండేది కాదు.

అప్పుడు మేం ఒరిస్సా కొండల్లో, జయపురంలో ఉండేవాళ్ళం. పెద్ద యుద్ధం ఇంకా నడుస్తోంది. మావాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయం. మా ఆయన ఒక్కరే నాలుగు అక్షరాలు నేర్చుకుని ఎస్టేటు కచేరీలో గుమస్తాగా కుదిరేరు. కచేరీ వెనక సందులో పెంకుటిల్లు. ఇంట్లో మేమిద్దరం, మా ఆయన అక్క. ఆవిడ భర్త చిన్నతనంలోనే పోయేడు. తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. నేను వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మీ అనేది. పనికి సుక్రి అని, ఆ కొండల్లోని దేశియా భాష మాట్లాడే మనిషి వచ్చేది. శుక్రవారం పుట్టింది కనక ఆ పేరు. నాకంటే పదేళ్ళు పెద్దది కాబోలు. వాకిలి చిమ్మి, అంట్లు తోమి, నీళ్ళు పట్టి, మధ్యాహ్నం మేం వార్చిన గంజి తన కుండలో పోయించుకుని ఇంటికి వెళ్ళేది. ఆ గంజి ఆమెది. ఆమె ఇంట్లో దానికోసం చూసేవాళ్ళుండేవారు.

పిల్లి పేరు గవ్వ. వానాకాలంలో కట్టెల చాటున వదినకి దొరికింది. తెల్లటి ఒంటి మీద గవ్వల్లా చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు. పుట్టుకతోనే పిరికిది. గాలికి తలుపు కొట్టుకున్నా, వీధిలో ఎవరు దగ్గినా, గాదె కింద దూరిపోయేది. ఒక్క వదిన ఒడిలోనే కళ్ళు మూసేది. నాకు దానిమీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు. అప్పటికి లేదు.

ఆ ఏడాది నాకు తొలికాన్పు. ఆడపిల్ల. నెలలు నిండే పుట్టింది. ఏడవలేదు. మంత్రసాని దాన్ని తలకిందులు చేసింది, వీపు మీద తట్టింది, చల్లనీళ్ళు చల్లింది. ఏడవలేదు. నాకు చూపించకుండానే తీసుకెళ్ళిపోయేరు.

పిల్ల కోసం మా అమ్మ ముందే ఉయ్యాల పంపింది. దాన్ని మా గది దూలానికి కట్టేరు. పిల్ల పోయాక విప్పమని ఎవరూ అనలేదు. విప్పడానికి నాకూ చెయ్యి రాలేదు. విప్పితే ఇంక ఏమీ జరగనట్టే కదా అనిపించేది. అలా ఖాళీగా వేలాడుతూనే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం నిద్ర లేచి చూద్దును కదా, ఉయ్యాల్లో గవ్వ పడుకుని ఉంది. చుట్టచుట్టుకుని, ముక్కు తోకలో పెట్టుకుని, పిల్ల కోసం నేను మెత్తటి పాతచీర మడిచి వేసిన చోట. ఉయ్యాల కొంచెం కదులుతోంది. గదిలో ఎవరూ లేరు.

పిల్లి ఎక్కగలదు, నాకు తెలుసు. కానీ అంత పిరికిపిల్లి, వేలాడే గుడ్డలోకి, తనంతట తను ఎక్కుతుందా? మరి ఉయ్యాల ఎందుకు ఊగుతోంది? వదిన వంటింట్లో ఉంది. వెళ్ళి అడిగేను, పిల్లి ఉయ్యాల్లోకి ఎలా వెళ్ళింది వదినా, అని. ఆవిడ నా మొహం చూడలేదు. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "పిల్లికి ఉయ్యాలేటి, మంచమేటి అమ్మీ. మెత్తగుంటే పడుకుంటాది," అంది. అని, చప్పున పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఎందుకు తప్పించుకుంది? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. తరవాత ఇంకోసారి చూసేను, మరోసారి చూసేను. ప్రతిసారీ మధ్యాహ్నమే. ప్రతిసారీ నేను నిద్రలో ఉన్నప్పుడే. వదినే పెడుతోందని నిశ్చయించుకున్నాను. నీ కడుపున పుట్టింది బతకలేదు, చూడు, ఆ చోట ఇప్పుడు పిల్లి పడుకుంటోంది, అని నాకు చెప్పడానికే పెడుతోందనుకున్నాను. ఆవిడ నాతో ఒక్క పరుషమైన మాట అన్నది లేదు. అది కూడా నాకు సాక్ష్యంగానే కనిపించింది. అంత మంచిగా ఎవరుంటారు, లోపల ఏదో లేకపోతే?

ఆవేళ వదిన పక్కవీధిలో ఎవరింట్లోనో అప్పడాలు వత్తడానికి వెళ్ళింది. మా ఆయన కచేరీలో ఉన్నారనుకున్నాను. సుక్రి పెరట్లో నుయ్యి దగ్గర బూడిదతో గిన్నెలు తోముతోంది. నేను అన్నం వారుస్తున్నాను. గవ్వ గదిలోంచి వచ్చింది. వచ్చి పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. దాని మీసానికి ఒక దారం పోగు అంటుకుని ఉంది. ఎర్రది. ఉయ్యాల్లో పాతచీర అంచుది.

చెయ్యి జారిందని రాస్తే మీరు నమ్ముతారు. అలా రాద్దామని కిందటి కాగితం మీద రాసి చింపేసేను. చెయ్యి జారలేదు. గంజి వార్చిన గిన్నె రెండు చేతులతో ఎత్తేను. దాని వైపు తిరిగేను. అది తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. వంచేను.

అది పిల్లి అరుపులా లేదు. నేను కాన్పులో వినాలని ఎదురుచూసి వినని ఏడుపు అలా ఉంటుందేమో అనిపించింది. ఇలా అనడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ ఆ క్షణం అనిపించింది అదే.

గవ్వ పెరట్లోకి దూసుకుపోయి కట్టెల కింద దూరింది. సుక్రి బూడిద చేతులతో పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆగింది. నేల మీద పొగలు కక్కుతున్న గంజి చూసింది. నా చేతిలో గిన్నె చూసింది. నన్ను చూసింది. వెనక్కి తిరిగి, నీళ్ళలో గుడ్డ ముంచుకుని, కట్టెల దగ్గర బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టింది. అది గీరింది. కరిచింది. ఆమె చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఎలాగో బయటికి తెచ్చి, తడిగుడ్డలో చుట్టి, దొడ్డి గోడ మీద పాకిన తీగ ఆకేదో నలిపి కాలిన చోట పిండింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. గిన్నె ఎప్పుడు కింద పెట్టేనో గుర్తులేదు. ఒకటి మాత్రం గుర్తుంది. గిన్నెలో అడుగున మిగిలిన గంజి సుక్రి కుండలో పోసి, ఆ కుండ తీసుకెళ్ళి పొయ్యి పక్కన, నేల మీద గంజి పారిన చోట పెట్టేను. ఎందుకు పెట్టేను? ఆమె గంజి ఆమెకి ఉంచుదామనా? ఇరవై ఏళ్ళుగా అలాగే అనుకోవాలని చూస్తున్నాను. నా చేతులకి నా కంటే ముందే తెలుసు, ఏం చెయ్యబోతున్నానో.

అప్పుడే వదిన వచ్చింది.

"ఏటైనాది? ఏటా రక్తం?"

సుక్రి చేతుల నిండా గీరిన గాట్లు. ఒడిలో పిల్లి. వదిన గుడ్డ తొలగించి చూసింది. వీపు మీద అరచెయ్యంత మేర బొచ్చు ఊడి ఎర్రగా ఉంది. ఆవిడ మొహం మారిపోయింది.

"ఎవలు సేసేరు? అమ్మీ, నువ్విక్కడే ఉన్నావు గదా. సెప్పు."

నేను చెప్పేను. నా గొంతు వణకలేదు. "నేను గదిలో ఉన్నాను వదినా. అరుపు విని వచ్చేను. గంజి కుండ సుక్రి దగ్గరుంది."

అంతే. సుక్రి పోసిందని అనలేదు. ఆ తేడా మీద నేను చాలా ఏళ్ళు బతికేను. పోసిందనలేదు కదా, కుండ ఆమె దగ్గరుందన్నాను, కుండ ఆమెదే కదా, అని. ఎంత తెలివైన అబద్ధమో చూడండి. పందొమ్మిదేళ్ళ దాన్ని, ఐదో తరగతి దాటనిదాన్ని, ఎక్కడ నేర్చుకున్నాను?

వదిన వంటింట్లోకి వెళ్ళింది. పారిన గంజి చూసింది. దాని మధ్యలో కుండ చూసింది. తిరిగొచ్చి సుక్రి చేతుల వైపు చూసింది.

"పిల్లి నిన్నే గీరింది. ఊరికే గీరతాదా?"

సుక్రికి తెలుగు అర్థమయ్యేది, మాట్లాడ్డం కొద్దిగానే వచ్చు. "మూయ్ నాయ్, మా," అంది. నేను కాదమ్మా, అని. నన్ను చూస్తూ అంది. ఒకసారి అని ఆగింది. నేను ఏదైనా అంటానేమో అని ఆగింది. వదిన కూడా ఆగింది. ఆ కాస్త సేపు ఎంత పొడుగో నాకు తెలుసు. గుమ్మానికి కట్టిన మామిడాకులు లెక్కపెట్టేను. ఎండిపోయినవి తొమ్మిది.

"మూయ్ నాయ్," అంది మళ్ళీ, ఈసారి నన్ను చూడకుండా.

"నోరు లేనిదాన్ని అలా సెయ్యడానికి నీకు సేతులెలా వచ్చేయే," అంది వదిన. అరవలేదు. "రేపట్నుంచి రాకు."

సుక్రి పిల్లిని వదిన చేతుల్లో జాగ్రత్తగా పెట్టింది. కాలిన వైపు పైకి ఉండేలా పెట్టింది. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. కుండ తీసుకెళ్ళలేదు.

సాయంత్రం మా ఆయనకి వదినే చెప్పింది. ఆయన విని, "సుక్రా?" అని ఒక్క మాటన్నారు. వీధిలో ఇంకో మూడిళ్ళలో కూడా సుక్రి పని చేసేది. పిల్లి మీద మరుగుతున్న గంజి పోసిన మనిషిని పసిపిల్లలున్న ఇంట్లోకి రానిస్తామా అన్నారు వాళ్ళు. నేనేమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. పది రోజుల్లో ఆమెకి మా వీధిలో పనే లేకుండా పోయింది. కుందుర వైపు పుట్టింటికి వెళ్ళిపోయిందని కట్టెలమ్మే ముసలమ్మ చెప్పింది. నాతోనే చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు.

గవ్వ బతికింది. కానీ ఇదివరకే పిరికిది, ఇప్పుడు గిన్నె చప్పుడైతే గోడకి అంటుకుపోయి వణికేది. నెల రోజులు గాదె కిందనుంచి రాలేదు. వదిన అక్కడే తిండి పెట్టేది. తరవాత మెల్లిగా దాన్ని ఆటలోకి దింపడం మొదలుపెట్టింది. జనపనార తాడు చివర కాకి ఈక కట్టింది. మధ్యాహ్నం పనయ్యాక గాదెకి నాలుగు మూరల దూరంలో నేల మీద కూర్చునేది. పది రోజులకి గవ్వ ఆ ఈక మీద పంజా వేసింది. ఇంకో నాలుగు రోజులకి మా ఆయన చేతిలో ఈక కూడా పట్టుకుంది. నేను గదిలో అడుగుపెడితే మాత్రం లోపలికి పోయేది.

ఒకరోజు వదిన నన్ను పిలిచింది. "రా అమ్మీ, కూకో. ఇయ్యాల నువ్వాడించు."

నన్నే ఎందుకు? మా ఇంట్లో ఆ పిల్లి భయపడేది నన్నొక్కదాన్నే అని ఆవిడ చూడలేదా? చూసే పిలుస్తోందా? పిల్లి చేత సాక్ష్యం చెప్పిస్తోందా? వంటపని ఉందన్నాను. "అదెక్కడికీ పోదులే, రా," అంది. కూర్చున్నాను.

ఆవిడ చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. నిలబడొద్దు, నిలబడితే దాని కంటికి తాటిచెట్టంత అగుపిస్తావు. తిన్నగా ఎదురుగా కూర్చోవద్దు, పక్కకి తిరుగు. గాజులు పైకి తోసి గుడ్డ చుట్టు. కళ్ళలోకి చూడొద్దు, చూసినా కనురెప్పలు నెమ్మదిగా వాల్చి నెమ్మదిగా తెరువు, అదీ అలాగే వాలిస్తే నిన్ను కొంచెం నమ్మినట్టు. నేను తాడు దాని వైపు తోసేను. అది బుస్సుమంది. వదిన నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"దాని మీదికి తేకు. ఎలక ఎక్కడైనా పిల్లి మీదికొస్తాదా? పారిపోతాది. నువ్వూ అలాగే దూరంగా లాగు. ఆగు. సాప కింద దాచు. ఇప్పుడు కొంచెం కదుపు. సాలు."

రోజూ అదే వేళకి, తమలపాకు నమిలేంత సేపు. ఎక్కువ కాదు. మూడుసార్లకి ఒకసారైనా ఈక దానికి దొరకాలి, దొరికాక లాక్కోకూడదు. ఎప్పటికీ అందకపోతే ఆట కాదు, ఏడిపించడం. తోక నేలకేసి కొడితే చాలించాలి. చెవులు వెనక్కి పెడితే చాలించాలి. వేళ్ళు ఎప్పుడూ ఆటవస్తువు కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దాక్కున్నదాన్ని బయటికి లాగకూడదు. "దాక్కోడానికి ఒక సోటుందని తెలిస్తేనే అది బయటికి వస్తాది అమ్మీ," అంది. అని నన్ను చూసింది. లేక నేనే అలా అనుకున్నానా? ఆ చూపు ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటాను. ఒకోసారి అందులో అంతా తెలిసినట్టుంటుంది. ఒకోసారి వట్టి మధ్యాహ్నపు బడలిక.

రెండు నెలలు గడిచేయి. గవ్వ రాలేదు. ఒకరోజు వదిన నా అరచెయ్యి తీసుకుని వాసన చూసింది. "గంజి వాసనమ్మీ. అదే దానికి బెదురు," అంది. "సీకాయతో కడుక్కుని రా," అంది, అంతే మామూలుగా. రోజూ గంజి వార్చే చెయ్యి కదా, గంజి వాసన రాక ఏమొస్తుంది? ఆవిడ మామూలుగానే అందేమో. కానీ నేను ఆ రోజునుంచి రోజుకి పదిసార్లు చేతులు కడుక్కునేదాన్ని.

మూడో నెల్లో వచ్చింది. ఈక చాప కిందకి దాచి, అటువైపు తిరిగి కూర్చున్నాను. కాలి మీద ఏదో పడింది. చూస్తే గవ్వ ముందరికాలు. ఈక కోసం కాదు. ఈక అవతలెక్కడో ఉంది. నా పాదం మీద కాలు పెట్టి, వేరేవైపు చూస్తూ నిలబడింది. దాని వీపు మీద బొచ్చు మొలవని మచ్చ నా కంటికి ఎదురుగా ఉంది. అంచులు ముడతలు పడి, మధ్యలో నున్నగా, లేత గులాబీరంగులో. ఏడుపు ఆగలేదు నాకు.

"ఏడిస్తే బెదిరిపోతాది. ఊరుకో," అంది వదిన.

ఎందుకేడుస్తున్నావని అడగలేదు. అడిగితే ఆ రోజు చెప్పేసేదాన్ని. అనిపిస్తుంది. కానీ అడగలేదని ఆవిడ మీదికి తోసేస్తున్నానేమో, ఇప్పుడు కూడా. ఆవిడ అడగక్కర్లేదు. నేను చెప్పాలి. కట్టెలమ్మే ముసలమ్మని పంపితే సుక్రి రెండు రోజుల్లో వచ్చేది. పిల్లి నన్ను నమ్మింది, ఇంక చాలనుకున్నాను. నోరు లేనిది క్షమించిందని మురిసిపోయి, నోరున్నదాన్ని మర్చిపోయేను. పిల్లికి గుర్తుందో లేదో, క్షమించిందో లేదో ఎవరికి తెలుసు? అది రోజూ అదే వేళకి ఆటకి వచ్చింది. అంతమాత్రమే నిజం.

కొన్నేళ్ళకి గవ్వ ముసలిదై కన్ను మూసింది. తరవాత వదినకి మన్యం జ్వరం తిరగబెట్టి మంచం పట్టింది. ఒక పొద్దున్న జావ తాగిస్తుంటే, "సుక్రిని ఓపాలి పిలిపించవలసింది అమ్మీ. నానే తొందరపడ్డానేమో," అంది. చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడెక్కడుందో వదినా," అన్నాను. ఎక్కడుందో నాకు తెలుసు. వదిన కళ్ళు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది. చనిపోయే మనిషి తన తప్పేమో అనుకుంటూ పోయింది. ఆ తప్పు నాది. అది కూడా ఆవిడ నెత్తిన పెట్టి పంపేను.

జమీందారీలు పోయేక మా ఆయనకి సర్కారు ఆఫీసులో ఉద్యోగమయింది. పనిమీద కుందుర వెళ్తూ ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళేరు. సంతలో అల్లం కుప్పల వెనక సుక్రి కూర్చుని ఉంది. తల నెరిసింది. నేను గుర్తుపట్టేను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. తప్పుకుందామనుకునేలోపే, "మా, బిరాడి బొంచ్‌లా?" అంది. నాకు అర్థం కాలేదనుకుని తెలుగులో అడిగింది. "పిల్లి బతికిందా?"

అన్నేళ్ళ తరవాత ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది. తిట్టలేదు. ఎందుకలా చెప్పేవని అడగలేదు.

"బతికింది. చాలా ఏళ్ళు బతికింది," అన్నాను.

తలూపింది. "ఆ ఆకు మంచిది," అంది. ఆమె చేతి మీద పాతగీతలు రెండు తెల్లగా కనిపిస్తున్నాయి, లేకపోతే కనిపించినట్టు అనిపించింది. వదిన నిన్ను తలుచుకుంది సుక్రీ, అనాలి. నోటి దాకా వచ్చింది. అంతలో మా ఆయన వెనకనుంచి వచ్చి, "ఎవరే?" అన్నారు. "అల్లం బాగులేదు, పదండి," అన్నాను. ఆమెకి తెలుగు అర్థమవుతుందని నాకు తెలుసు.

ఇప్పుడు మేం రాయగడలో ఉంటున్నాం. ఇన్నేళ్ళుగా దాచినదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటి వానాకాలంలో మా ఆయన ఒక మాటన్నారు. మా వాకిట్లోకి ఎక్కడిదో పిల్లికూన వచ్చింది. దూరం దూరంగా తిరుగుతోంది. ఆయన అరుగు మీద కూర్చుని దాన్ని చూస్తూ, ఉన్నట్టుండి అన్నారు.

"నీకో సంగతి ఎప్పుడూ సెప్పలేదే. పాప పోయినప్పుడు, మధ్యానాలు కచేరీనుంచి ఓపాలి వచ్చి పోయేవోణ్ణి. నువ్వు నిద్దరోయేదానివి. ఉయ్యాల ఖాళీగా ఏలాడతంటే సూడలేకపోయేవోణ్ణి. గవ్వని అందులో పడుకోబెట్టి రెండు ఊపులు ఊపి ఎళ్ళిపోయేవోణ్ణి. అక్క ఓపాలి సూసీసింది. నీకు సెప్పొద్దని బతిమాలుకున్నాను."

నేను బియ్యం ఏరుతున్నాను. చేట అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"మొగోణ్ణి, పిల్లిని ఉయ్యాలూపుతున్నానంటే నవ్వుతావని," అన్నారు. నవ్వబోయి, నవ్వలేకపోయేరు. పిల్లికూన వైపు చూస్తూ మళ్ళీ అన్నారు. "ఆ సుక్రి గంజి ఎందుకు పోసుంటాదంటావు?"

"ఏమో," అన్నాను.

ఆయన నన్ను చూసేరు. నేను బియ్యంలో రాళ్ళు చూసేను.

ఆయన మనసు విప్పేరు. అంత చిన్న సంగతి, ఇరవై ఏళ్ళు మోసి, సిగ్గుపడుతూ నా ముందు పెట్టేరు. నా ముందు దారి తెరిచి ఉంది. ఆయన పక్కనే కూర్చున్నాను. రెండు మాటలు చాలు. ఏమో అన్నాను. మొదటి తప్పు కోపంలో చేసేనని చెప్పుకోవచ్చు, కడుపుకోతలో చేసేనని చెప్పుకోవచ్చు. రెండోది భయంలో. మరి ఇది? ఎవరి భయం నాకు, ఈ వయసులో? ఆయన నన్ను ఇంట్లోంచి పొమ్మనరు. పొమ్మనగలిగినవాళ్ళు పొమ్మన్నది సుక్రిని.

అప్పటినుంచి ఆయన్ని కూడా గమనిస్తున్నాను. తెలిసే అడిగేరా? నేను గిన్నె దించుతుంటే ఎందుకలా చూసేరు? ఇలా వెతకడం అలవాటైపోయింది నాకు. వదిన కళ్ళలో ఏళ్ళ తరబడి వెతికేను. అక్కడున్నది తమ్ముడి రహస్యం కాపాడుతున్న ఒక మంచి మనిషి. నేను వెతుకుతున్న దోషి ఎప్పుడూ నేను కూర్చున్న చోటే ఉంది.

ఆయనకి చెప్తానా? తెలీదు. చెప్తానని మీకు మాటిస్తే అది ఇంకో తెలివైన అబద్ధమవుతుందేమో. కుందుర ఇక్కడికి దూరమే, కానీ బస్సులున్నాయి. సుక్రి ఇంకా సంతకి వస్తోందో, అసలు ఉందో లేదో. వెళ్ళి ఆమె ముందు కూర్చుంటే మాత్రం ఆ వీధిలో ఆమె పోగొట్టుకున్న నాలుగిళ్ళు, ఆ మంచి పేరు, తిరిగొస్తాయా? క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు పోగొట్టుకున్నదేమీ లేదు; క్షమించడానికి మీ దగ్గరేముంది?

ఒక్కటి మాత్రం చెయ్యాలని కాగితం తీసుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ వాక్యాన్ని పూర్తిగా, సాకు లేకుండా, నా లోపల కూడా ఒకసారి అనుకోలేదు. ఎప్పుడూ సగంలో తిప్పేసేదాన్ని. ఇప్పుడు రాస్తున్నాను.

గవ్వ మీద మరుగుతున్న గంజి పోసింది నేను. కావాలని పోసేను. సుక్రి దాన్ని బతికించింది. ఆమె పోసిందని అందరూ అనుకునేలా చేసింది నేను.

రాసేక పైకి చదివేను. ఎక్కడా ఆపకుండా చివరిదాకా చదివేను. ఆయన వీధరుగు మీద ఉన్నారు. వినబడిందో లేదో లేచి చూడలేదు. ఈసారి ఆయన మొహం చూడాలనిపించలేదు.